రంగు చేపలకు సజీవాహారము: ముందు మేత, తరువాత పిల్ల

పల్నాడు జిల్లాలో మిరప, ప్రత్తి, వరి ప్రధానమైన పంటలు. చెరువులలో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలను పెంచుట కూడ ఇక్కడి రైతులకు తెలిసిన పనియే. వీటితోపాటు ఇంటి పెరటిలో నాలుగైదు సిమెంటు తొట్లు కట్టి, గాజుతొట్లలో అందముకొరకు ఉంచు రంగు చేపలను పెంచి అమ్ముట స్వల్ప స్థలముతో చేయదగిన ఉపవృత్తి. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఇట్టి పెరటి యూనిట్లకు సహాయము కూడ చేర్చబడినది.

ఈ పనికి పూనుకొన్నవారు మొదట పొందు నష్టము సాధారణముగా ఒకే విధముగా నుండును. తల్లి చేపలు బాగుగనే యుండును, గుడ్లు పెట్టును, గుడ్లు పొదుగును. తొట్టి నిండ వందలకొలది పిల్లలు కనబడును. కాని వారము పది దినములు గడచుసరికి వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే మిగులును. నీరు చెడినదనియో, తెగులు సోకినదనియో రైతు భావించును. పెక్కు సందర్భములలో అసలు కారణము ఆకలి. పిల్లల నోటికి పట్టు మేత ఆ తొట్టిలో లేదు. కనుక ఈ వ్యాసమున సజీవాహారమును పెంచుట, పెట్టుట, మిగిలినదానిని గడ్డకట్టించి నిల్వచేయుట అను విషయములను వివరించుచున్నాము.

సజీవాహారము ఎందుకు?

గుడ్డునుండి వెలువడిన పిల్ల పొట్టక్రింద పచ్చసొన సంచి యుండును. రెండు మూడు దినములు దానితోనే పిల్ల బ్రదుకును. సంచి ఇంకిపోయిన వెంటనే బయటి మేత కావలెను. అప్పటికి పిల్ల జీర్ణకోశము పూర్తిగా ఏర్పడి యుండదు. చూపునకు కదలునదే దానికి మేత. కదలనిదానిని అది గుర్తింపదు. మనము చల్లు తవుడు, చెక్కపొడి అడుగునకు దిగి, కుళ్ళి, నీటిని పాడుచేయును. బ్రదికియున్న సూక్ష్మజీవులు నీటిలో తేలియాడుచు పిల్ల కంటబడును, సులభముగా అరుగును, తినకుండ మిగిలినవి వెంటనే కుళ్ళవు.

చెరువు చేపల విషయమును చూడుడు. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులు పీయూష గ్రంథి రసమును ఎక్కించి పెంపుడు చేపలచేత గుడ్లు పెట్టించిరి. దేశమున ఆ దినమునే జాతీయ చేపల రైతుల దినముగా పాటించుచున్నారు. గుడ్లు కోరినప్పుడు లభించుట మొదలైన తరువాత, పిల్లలను బ్రదికించుటయే అసలు పని అయినది. అందుచేతనే నర్సరీ చెరువులో పిల్లలను వదలుటకు ముందే ఎరువు వేసి, నీటిలో సూక్ష్మజీవులను పెంచుదురు. చెరువునకు వర్తించు ఈ సూత్రమే పెరటి తొట్టికిని వర్తించును. ముందు మేతను పెంచవలెను, తరువాత పిల్లను దింపవలెను.

మన నీటికి తగిన చేపలు

పల్నాడు సున్నపురాయి నేల. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలను ఎరుగనివారుండరు. ఇట్టి నేలలోని బావినీరు సామాన్యముగా కాఠిన్యము గలదై యుండును. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అను చేపలకు ఇట్టి నీరు అనుకూలము. ఇవి గుడ్లు పెట్టక పిల్లలనే కనును. ఆ పిల్లలు పుట్టినప్పుడే పెద్దవిగా నుండి మేతను పట్టగలవు. క్రొత్తగా ప్రారంభించు రైతు వీటితోనే మొదలుపెట్టుట మంచిది. బంగారు చేప, గౌరామి అనుభవము వచ్చిన తరువాత చేపట్టవచ్చును. నియాన్ టెట్రా, డిస్కస్ వంటివి మెత్తని నీటి చేపలు. వాటికొరకు మన బావినీటితో ప్రయాసపడుట లాభకరము కాదు.

నోటిని బట్టి మేత

ఏ మేత యైనను పిల్ల నోటిలో పట్టవలెను. ఈ క్రింది వరుసను గుర్తుంచుకొనవలెను.

1. గౌరామి వంటి మిక్కిలి చిన్న పిల్లలకు మొదటి నాలుగైదు దినములు ఇన్ఫ్యుసోరియా. ఇవి మిల్లీమీటరులో అయిదవ వంతు, అంతకన్న చిన్నవి.

2. బంగారు చేప పిల్లలకు మొదటి రెండు మూడు దినములు ఇన్ఫ్యుసోరియా, పిమ్మట ఆర్టీమియా పిల్లలు లేక మొయినా పిల్లలు. ఇవి సుమారు అర మిల్లీమీటరు ఉండును.

3. గప్పీ, మోలీ, ప్లాటీ పిల్లలకు పుట్టిన దినమునుండియే ఆర్టీమియా పిల్లలు, మొయినా పిల్లలు.

4. రెండు వారములు దాటిన పిల్లలకు పెద్ద మొయినా. ఇది సుమారు ఒక మిల్లీమీటరు.

5. పెద్ద చేపలకు డాఫ్నియా, తరిగిన వానపాములు, గడ్డకట్టించిన మేత.

ఇన్ఫ్యుసోరియా తయారుచేయుట

కంటికి కనబడని ఈ సూక్ష్మజీవులను పెంచుటకు ఖర్చు లేదు. ఒక గాజు జాడీలో గాని తొట్టిలో గాని 50 లీటర్ల శుభ్రమైన నీరు పోయవలెను. అందులో రెండు మూడు అరటిపండ్ల తొక్కలు వేసి, దోమలు గ్రుడ్లు పెట్టకుండ పలుచని గుడ్డ కట్టి, గాలి, వెలుతురు తగులుచోట నీడన ఉంచవలెను. ఒకటి రెండు దినములలో నీరు పాలవలె తెల్లబడి వాసన కొట్టును. ఇది బాక్టీరియా పెరుగుదల. ఈ దశలో ఆ నీటిని వాడకూడదు. నాలుగైదు దినములకు నీరు తేటపడి లేత పసుపు రంగు తిరుగును. అనగా బాక్టీరియాను తిని ఇన్ఫ్యుసోరియా పెరిగినవని గ్రహింపవలెను. గాజు గ్లాసులో తీసి వెలుతురునకు ఎదురుగా పట్టినచో సన్నని ధూళి కదలునట్లు కనబడును. ఈ నీటిని పిల్లల తొట్టిలో కొద్ది కొద్దిగా దినమునకు రెండు మూడు సార్లు పోయవలెను.

మొయినా పెంపకము

పెరటి రైతునకు అన్నిటికన్న ఉపయోగకరమైన మేత మొయినా. చెరువు నీటిలో కుదుపుతో ఎగిరెగిరి ఈదుచుండు చిన్న చుక్కవంటి జీవి ఇది. డాఫ్నియా దీని జాతిదే, కాని పెద్దది. మొయినా ఎక్కువ వేడిని, తక్కువ ప్రాణవాయువును తట్టుకొనగలదు. రెంటచింతల ఎండలు ఎరిగిన మన ప్రాంతమునకు అందుచేత మొయినాయే తగినది. 24 నుండి 31 డిగ్రీల సెంటీగ్రేడు నీటిలో ఇది చక్కగా పెరుగును. వేసవిలో తొట్టిమీద తాటాకు పందిరి తప్పక ఉండవలెను.

తొట్టి: 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, అర మీటరు నీటి లోతు గల తొట్టిలో 1,000 లీటర్లు పట్టును. క్రొత్త సిమెంటు తొట్టినుండి సున్నము ఊరును. కనుక రెండు మూడు వారములపాటు నీరు నింపుచు, పారబోయుచు దానిని శుద్ధిచేసిన తరువాతనే వాడవలెను. కుళాయి నీటిలో క్లోరిను ఉండును. ఆ నీటిని ఒక దినము ఎండలో నిలువ ఉంచి వాడవలెను.

ఎరువు: నర్సరీ చెరువులకు హెక్టారునకు 750 కిలోల వేరుశనగ చెక్క, 200 కిలోల పేడ, 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు వేయుట వాడుకలో నున్న పద్ధతి. ఒక మీటరు లోతు నీటిని లెక్కగొనినచో 1,000 లీటర్లకు 75 గ్రాముల చెక్క, 20 గ్రాముల పేడ, 5 గ్రాముల సూపర్ ఫాస్ఫేటు అగును. ఇందులో సగము తీసికొని ఒక రాత్రి నానబెట్టి, జావవలె కలిపి, గుడ్డలో వడియగట్టి తొట్టిలో పోయవలెను. మిగిలిన సగమును రెండు మూడు భాగములుగా చేసి నాలుగైదు దినముల కొకసారి వేయవలెను. బూజుపట్టిన చెక్క వాడరాదు. ఎక్కువ వేసినచో ఎక్కువ పంట వచ్చునను భ్రమ ఇక్కడ పనికిరాదు; ఎరువు మించినచో నీరు కుళ్ళి మొయినా ఒక్క రాత్రిలో చచ్చును.

విత్తనము: రెండు మూడు దినములలో నీరు లేత ఆకుపచ్చగనో, గోధుమ రంగుగనో మారును. అప్పుడు లీటరునకు సుమారు 25 చొప్పున మొయినాను వదలవలెను. చేపలు లేని కుంటనుండి విత్తనము తెచ్చుట శ్రేయస్కరము. చేపలున్న చెరువునుండి తెచ్చినచో వాటి తెగుళ్ళు కూడ వెంటవచ్చును. తెచ్చిన నీటిని తెల్లని పళ్ళెములో పోసి, తూనీగ పిల్లలను, ఇతర పెద్ద పురుగులను ఏరివేయవలెను. అవి చేప పిల్లలను పట్టి తినును.

సైక్లాప్స్ అను జీవిని కూడ గుర్తింపవలెను. దీని తోకకు ఇరువైపుల రెండు గ్రుడ్ల సంచులు వ్రేలాడును. ఇది మిక్కిలి చిన్న పిల్లలను కరచి చంపును. పూర్వము దిగుడు బావుల నీటితోపాటు కడుపులోనికి పోయి నారికురుపును కలిగించినది ఈ సైక్లాప్సే. 2000 సంవత్సరమున మన దేశము ఆ వ్యాధినుండి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచినది. పెద్ద చేపలకు సైక్లాప్స్ మంచి మేతయే, కాని పిల్లల తొట్టిలో ఉండరాదు.

పంట తీయుట: విత్తనము వేసిన 5 నుండి 10 దినములలో మొయినా దట్టముగా పెరుగును. అనుకూల సమయములో ఆడవి మగవాటి అవసరము లేకయే పిల్లలను కనుచుండును. అందుచేతనే ఇంత వేగముగా పెరుగును. తెల్లవారుజామున ఇవి పైకి తేలి గుంపులుగా నుండును. అప్పుడు సన్నని గుడ్డవలతో తీసి, మంచి నీటిలో కడిగి పెట్టవలెను. దినమునకు తొట్టిలో నాలుగవ వంతుకు మించి తీయరాదు. మొయినా ఎర్రబారినచో నీటిలో ప్రాణవాయువు తగ్గినదని గుర్తు. ఎరువు ఆపి, కొంత నీరు మార్చవలెను. మూడు నాలుగు వారముల కొకసారి తొట్టిని కడిగి మరల మొదలుపెట్టవలెను. ఒక తొట్టి చెడినను మేత ఆగకుండుటకు వారము తేడాతో రెండు తొట్లు నడుపుట క్షేమము.

విత్తనము దాచుట: నీరు ఎండుచున్నప్పుడును, మేత చాలనప్పుడును మొయినా నల్లని గట్టి పెంకుగల గ్రుడ్లను పెట్టును. ఇవి ఎండిన మట్టిలో నెలలకొలది చెడకుండును. తొట్టి అడుగుమట్టిని నీడన ఎండించి డబ్బాలో దాచుకొనినచో, కాలువలు కట్టివేయు వేసవి గడచిన తరువాత ఆ మట్టిని నీటిలో వేసి మరల విత్తనము పొందవచ్చును.

పురుగుమందుల ప్రమాదము

ఈ విషయమును మిరప, ప్రత్తి పండించు రైతులు ప్రత్యేకముగా గమనింపవలెను. మొయినా, డాఫ్నియా జాతులు పురుగుమందులకు మిక్కిలి సున్నితమైనవి. రసాయనములవలన నీటికి కలుగు హానిని కొలుచుటకు ప్రపంచమంతట ప్రయోగశాలలలో డాఫ్నియానే వాడుచున్నారు. చేప చావని మోతాదులో కూడ ఇవి చచ్చును. పొలమునుండి మురుగు దిగు కాలువ నీటిని పరీక్షింపక తొట్టికి పెట్టుట మేతను, చేపను రెండింటిని పోగొట్టుకొనుటయే.

పరీక్ష సులభము. రెండు శుభ్రమైన గాజు సీసాలు తీసికొని, ఒకదానిలో ఇదివరకు వాడుచున్న మంచి నీరు, రెండవదానిలో అనుమానము గల నీరు పోయవలెను. ఒక్కొక్కదానిలో 10 మొయినాలను వేసి నీడన ఉంచి 24 గంటలు చూడవలెను. మొదటి సీసాలోనివి ఈదుచుండగా రెండవదానిలోనివి అడుగున పడి కదలనిచో ఆ నీరు వాడరాదు. ఖర్చు లేని ఈ పరీక్ష తొట్టెడు చేపలను కాపాడగలదు.

పిచికారీ డ్రమ్ములను, బకెట్లను, మగ్గులను ఎంత కడిగినను చేపల పనికి వాడకూడదు. మందు కొట్టి వచ్చినవారు స్నానము చేసి, బట్టలు మార్చిన తరువాతనే తొట్లవద్దకు పోవలెను. తొట్లున్న గదిలో దోమల మందు పిచికారీ చేయరాదు.

ఆర్టీమియా

ఇది ఉప్పునీటి జీవి. దీని ఎండిన గ్రుడ్లు డబ్బాలలో అమ్మకమునకు వచ్చును. అమెరికాలోని యూటా రాష్ట్రమందలి గ్రేట్ సాల్ట్ లేక్ వీటికి ప్రసిద్ధి చెందిన స్థానము. మన కోస్తాలోని రొయ్య పిల్లల హేచరీలు దీనిని విరివిగా వాడును. లీటరు నీటికి 25 నుండి 30 గ్రాముల కల్లుప్పు, చిటికెడు వంటసోడా కలిపి, 1 గ్రాము గ్రుడ్లు వేసి, గాలి పంపుతో నీటిని కదలించుచు, దీపపు వెలుతురున 28 డిగ్రీల వద్ద ఉంచినచో సుమారు 24 గంటలలో పిల్లలు వెలువడును. పిమ్మట గాలి ఆపి పది నిమిషములు ఉంచవలెను. పెంకులు పైకి తేలును. నారింజరంగు పిల్లలు వెలుతురున్న వైపునకు చేరును. వాటిని సన్నని గొట్టముతో లాగి, గుడ్డలో వడియగట్టి, మంచినీటిలో కడిగి పెట్టవలెను. పెంకులు పిల్లల పొట్టలో అడ్డుపడును కనుక వాటిని రానీయరాదు.

పొదిగిన ఆర్టీమియాను ఆ కొద్ది గంటలలోనే వాడవలెను. ఆలస్యమైనకొలది దాని బలము తగ్గును. మంచినీటిలో అది కొన్ని గంటలే బ్రదుకును కనుక కొద్దికొద్దిగా పెట్టవలెను. డబ్బా ఖరీదైనది. మొదటి వారమునకు ఆర్టీమియా, తరువాత పెరటి మొయినా అను పద్ధతి పొదుపైనది. తెరచిన డబ్బాకు తేమ తగిలినచో గ్రుడ్లు చెడును.

ఇతర పురుగులు

దోమ పిల్లలను చేపలు ఇష్టముగా తినును. కాని దోమలను ఇంటివద్ద పెంచరాదు. డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమ నిలువయున్న మంచి నీటిలోనే గ్రుడ్లు పెట్టును. కుండీలలో పిల్లలు కనబడినచో వడియగట్టి చేపలకు వేసి, నీటిని పారబోయవలెను. దోమ ఎగిరిపోవుటకు వారము పది దినములే చాలునని గుర్తుంచుకొనవలెను.

ట్యూబిఫెక్స్ అను సన్నని ఎర్ర పురుగులు మురుగు కాలువలలో పెరుగును. బలమైన మేతయే కాని తెగుళ్ళను మోసుకొని వచ్చును. వాడక తప్పనిచో రెండు మూడు దినములు పారు నీటిలో ఉంచి, కడుపులోని మురుగు పోయిన తరువాత, పెద్ద చేపలకు మాత్రము పెట్టవలెను. వర్మికంపోస్టు చేయు రైతులకు వానపాములు ఇంటనే కలవు. వాటిని ఒక దినము తడిగుడ్డలో ఉంచి, కడిగి, సన్నగా తరిగి వారమునకు రెండు మూడు సార్లు తల్లి చేపలకు పెట్టవచ్చును.

గడ్డకట్టించి నిల్వచేయుట

మొయినా పంట ఒక్కసారిగా వచ్చును. మిగిలినదానిని పారవేయక నిల్వచేయవచ్చును. శుభ్రముగా కడిగి, నీరు వడియగట్టి, పాలిథీను సంచిలో అర సెంటీమీటరు మందమున పలుచగా పరచి, గాలి తీసి, శీతలయంత్రములోని గడ్డకట్టు అరలో ఉంచవలెను. పలుచగా నున్నచో త్వరగా గడ్డకట్టును, కావలసినంత ముక్క విరుచుకొనవచ్చును. ఇంటి ఆహారముతో కలియకుండ వేరు డబ్బాలో మూతపెట్టి ఉంచవలెను. మైనస్ 18 డిగ్రీల వద్ద రెండు మూడు నెలలు నిల్వ యుండును.

మూడు విషయములను మరువరాదు. గడ్డకట్టిన మేత కదలదు; కనుక మొదటి వారపు పిల్లలకు పనికిరాదు. గడ్డకట్టించుటవలన కొన్ని పురుగులు చచ్చును గాని బాక్టీరియా అంతయు చావదు; మురికి మేతను గడ్డకట్టించినంత మాత్రమున అది శుభ్రము కాదు. కరెంటు పోయి ఒకసారి కరిగిన మేతను మరల గడ్డకట్టింపకూడదు.

పెట్టునపుడు కావలసిన ముక్కను గిన్నెలో కొద్ది నీటిలో కరగించి, వడియగట్టి, ఆ నీటిని పారబోసి, మేతను మాత్రమే వేయవలెను. ఎర్రపురుగుల గడ్డమేత కొందరికి చర్మమున దురద, ఆయాసము కలిగించును. చేతితో ముట్టక చెంచాతో వేయుట మంచిది.

మేత పెట్టు విధానము

పిల్లలకు దినమునకు నాలుగైదు సార్లు, పెద్ద చేపలకు రెండు సార్లు పెట్టవలెను. అయిదు నిమిషములలో తినగలిగినంతయే వేయవలెను. పిల్లల పొట్టలు గుండ్రముగా నిండి కనబడినచో మేత చాలినట్లు. సన్నబడి, తల పెద్దదిగా కనబడినచో ఆకలితో నున్నట్లు. మిగిలిన మేతను సాయంత్రము సన్నని గొట్టముతో అడుగునుండి తీసివేసి, అంతే మంచినీరు పోయవలెను. మూడవ వారమునుండి పొడిమేతను కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. ఎంత మంచిదైనను ఒకే మేతను నెలలకొలది పెట్టరాదు.

అమ్మకము కాని చేపలను కాలువలలో, చెరువులలో వదలరాదు. గాజుతొట్లకని దేశమునకు తెచ్చిన సక్కర్ చేప ఇట్లే బయటపడి మన రాష్ట్రపు చెరువులలో, నదులలో వ్యాపించి మత్స్యకారులకు నష్టము కలిగించుచున్నది.

పని వరుస

పిల్లలు రావలసిన దినమునకు 15 దినముల ముందు మొయినా తొట్టికి ఎరువు వేయవలెను. 12 దినముల ముందు విత్తనము వదలవలెను. 5 దినముల ముందు ఇన్ఫ్యుసోరియా జాడీ సిద్ధము చేయవలెను. ఒక దినము ముందు ఆర్టీమియా గ్రుడ్లు పొదుగబెట్టవలెను. ఈ మూడును సిద్ధము కానిచో తల్లి చేపలను గుడ్ల తొట్టిలో కలుపక ఆగుటయే మంచిది. మేత లేక పుట్టించిన వేయి పిల్లలకన్న మేత సిద్ధపరచి పుట్టించిన రెండువందల పిల్లలే రైతునకు రాబడి నిచ్చును.

ఈ పనిని ప్రారంభింపదలచిన రైతులు నరసరావుపేటలోని జిల్లా మత్స్యశాఖ అధికారులను సంప్రదించి, ముందుగా ఒకటి రెండు తొట్లతో అనుభవము సంపాదించి, ఆ తరువాత విస్తరింపవలెను.